ఇంటి కడ మిగిలిన సైనికులు



యుద్ధమను మాట విన్నంతనే మన మనస్సు రణరంగమునకు పరువెత్తును. కవులును అట్లే పరువెత్తిరి. కురుక్షేత్రమున పదునెనిమిది దినములు జరిగినదంతయు మనకు విన్పించుటకు సంజయుడు కలడు. ఆ పదునెనిమిది దినములు హస్తినాపురపు వీథులలో ముసలివారేమి చేసిరో, అంగళ్లు తెరచిరో మూసిరో, రాత్రివేళ కాపు తిరిగినవారెవరో చెప్పువాడొక్కడును లేడు. ఇంటి కడ మిగిలిన మగవాని కథ చెప్పబూనిన కవికి చిక్కొకటి కలదు. వాడు పోరలేదు గనుక వీరము పొసగదు. చావలేదు గనుక కరుణము పొసగదు. ఇక మిగిలినది హాస్యము. మన విరాటపర్వమున ఉత్తరుని కథ యిట్టిదే. తండ్రియు సేనయు దక్షిణమున సుశర్మతో పోరుటకు పోయినప్పుడు, అంతఃపురమున స్త్రీల నడుమ కూర్చుండి, సారథి యొక్కడు దొరకినచో కౌరవులనందఱను చెండాడుదునని పలికిన కుమారుడు ఈనాటికిని మన సామెతలలో బ్రతికియున్నాడు.

ఇట్టి కథనే ఇంగ్లండువారు తమ దేశపు వేషములతో టెలివిజన్ నాటకముగా వ్రాసికొని తొమ్మిది సంవత్సరములు ఆడిరి. దాని పేరు ‘డాడ్స్ ఆర్మీ’. తెలుగున ‘నాన్నల దండు’ అనవచ్చును. బి.బి.సి. వారు దానిని 1968 జులై 31న మొదలిడి 1977 నవంబరు 13న ముగించిరి. మొత్తము 80 భాగములు; ఒక్కొక్కటి సుమారు అరగంట. మంచి దినములలో కోటి యెనుబది లక్షలమంది దానిని చూచుచుండిరట. అదే యూరు, అవే పాత్రలు, వారమునకొక క్రొత్త చిక్కు. ఇది ఆ నాటకముల పద్ధతి. మన తెనాలి రామకృష్ణుని కథలు ఎట్లు ఏ కథకా కథ తెగి, మనుష్యులు మాత్రము మారరో, అట్లే.

మీలో పెక్కుమంది నావలె అరువది దాటినవారు. వయస్సు మీరినవానికి ఆపద్దినమున ఊరిలో పని యున్నదా లేదా, అతడు పూనుకొన్నచో లోకము నవ్వునా మ్రొక్కునా యను ప్రశ్న మనకు అన్యము కాదు. అందుచేతనే ఈ పరదేశపు హాస్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని.

మొదట చరిత్ర చెప్పెదను. అది తెలియనిచో నవ్వు సగమే తెలియును. 1940 మే 10వ తేదీన జర్మనీ సేనలు హాలండు, బెల్జియము దేశములపై బడెను. హాలండునందు జర్మనులు విమానములనుండి గొడుగులు కట్టుకొని దిగి, వంతెనలను విమానాశ్రయములను పట్టుకొనిరి. ఈ వార్త యింగ్లండునకు గొప్ప భయమును కలిగించెను. డోవరు కడ సముద్రపు వెడల్పు సుమారు 33 కిలోమీటర్లే. గోదావరి యవతలి యొడ్డున నున్న ఊరికి దొంగలు వచ్చిరని విన్నవారివలె ఆ దేశస్థులు ఉలికిపడిరి. సముద్రము దాటి వచ్చువానిని నౌకలు ఆపగలవు. ఆకాశమునుండి పొలములో దిగువానిని ఎవరాపుదురు? పొలము కడ నున్నవాడే యాపవలెను.

మే 14వ తేదీ రాత్రి యుద్ధమంత్రి ఆంటొనీ ఈడెన్ రేడియోలో మాటలాడెను. పదునేడేండ్లకును అరువదియైదేండ్లకును నడుమ వయస్సు గలిగి, సేనలో చేరని పురుషులు తమ ఊరి పోలీసు స్టేషనులో పేరు వ్రాయించుకొనవలెనని కోరెను. జీతము లేదు. వారికి ‘స్థానిక రక్షణ స్వచ్ఛంద సేవకులు’ అని పేరు పెట్టిరి. ప్రసంగము ముగియకమున్నే కొన్ని యూళ్లలో స్టేషనుల ముందు జనులు నిలిచిరి. వారము తిరుగకమున్నే రెండున్నర లక్షలు; జులై నెల ముగియునప్పటికి సుమారు పదునైదు లక్షలు. రేడియోలో ఒక్కడు పలికిన మాటకు ఒక దేశము ఇట్లు లేచి వచ్చుట, రేడియోలో మాటలాడు నా బోటివానికి ఈర్ష్య గొల్పెడు సంగతి.

ఆ జులైలోనే చర్చిల్ ఆ పేరు మార్పించి ‘హోం గార్డు’ అనిపించెను. మన రాష్ట్రములలో పోలీసువారికి తోడుగా కూడళ్లలో నిలుచు హోంగార్డులు వేరు. మన హోంగార్డుల వ్యవస్థ 1946 డిసెంబరులో బొంబాయియందు మొదలైనది. పేరు వచ్చిన త్రోవ అదియే గాని, పని వేరు.

పేరు వ్రాసికొనుట సులభము. ఆయుధములేవి? డన్‌కర్క్ తీరమునుండి మే 26, జూన్ 4 తేదీల నడుమ 3,38,000 మంది సైనికులను ఓడలపై తెచ్చుకొనగల్గిరి గాని, వారి ఫిరంగులను బండ్లను ఫ్రాన్సుననే విడిచి రావలసి వచ్చెను. దొరకిన తుపాకులు సేనకే చాలలేదు. కావున ఊరి దండులవారు వేటతుపాకులు, పాతకత్తులు, ముచ్చెకఱ్ఱలు పట్టి కవాతు చేసిరి. తరువాత అమెరికానుండి పాత రైఫిళ్లు లక్షలకొలది వచ్చినవి. అయినను చాలమికి 1941లో ఇనుపగొట్టముల కొనను బయొనెట్లు అతికించి ఈటెలు చేయించిరి. ట్యాంకులు తిరుగు యుద్ధమున ఈటెలు! పార్లమెంటులో సభ్యులు మండిపడిరి. యుద్ధశాఖ ఉపమంత్రి క్రాఫ్టు ప్రభువు వానిని సమర్థింపబోయినందున ఆ యీటెలకు ఆయన పేరే నిలిచెను.

చర్చి గంటలను 1940 జూన్ మొదలు మ్రోగింపరాదని శాసించిరి. శత్రువు దిగినచో మాత్రమే మ్రోగవలెను. సెప్టెంబరు 7వ తేదీ రాత్రి పొరపాటున కొన్నిచోట్ల గంటలు మ్రోగినవి. శత్రువు వచ్చెనని జనులు చీకటిలో తుపాకులతో పరువెత్తిరి. శత్రువు రాలేదు. ఎన్నడును రాలేదు. హాస్యమునకు బీజము ఇచ్చటనే యున్నది. నాలుగేండ్లు కాపు కాచినవారు ఎవరికొఱకు కాచిరో ఆ యతిథి రాకయే యుద్ధము ముగిసెను. 1944 డిసెంబరు 3న హోం గార్డును విరమింపజేసిరి.

రాని శత్రువు కొఱకు కాచినవారు వట్టి చేతులతో ఇంటికి పోయిరనుకొనరాదు. విధి నిర్వహణలో చనిపోయినవారు, గాయములచే తరువాత చనిపోయినవారు కలిపి 1,206 మంది. లక్షకు మించిన మంది విమానములను కొట్టు ఫిరంగుల కడ రాత్రుళ్లు నిలిచిరి. పగలు గనిలోనో, రైలు కార్ఖానాలోనో, దుకాణములోనో పని; రాత్రి కాపు. అట్టివారిలో మన మోతీహారిలో పుట్టిన రచయిత జార్జి ఆర్వెల్ ఒకడు. ఊపిరితిత్తుల వ్యాధిచే సేనలో తీసికొనబడక, లండనులో హోం గార్డు సార్జంటుగా నుండి, ఆ దినములలోనే బి.బి.సి. వారి కొలువున ఇండియాకు రేడియో ప్రసంగములను సిద్ధపఱచెను.

మన తీరమునకును ఆ యుద్ధపు సెగ తగిలినదని మీ తండ్రులు చెప్పియుందురు. 1942 ఏప్రిలు 6న జపానువారి విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసినవి. పట్టణముల ప్రజలు మూటలు కట్టుకొని పల్లెలకు వచ్చిరి. ఆ యూళ్లలోను కడకు మిగిలినవారు ముసలివారే. వారిపై నాటకము వ్రాసినవాడు లేడు.

ఇక నాటకమునకు వచ్చెదను. దీనిని మొదట తలచినవాడు జిమ్మీ పెర్రీ యను నటుడు. యుద్ధకాలమున బాలుడుగా వాట్‌ఫర్డు ఊరి హోం గార్డులో నుండెను. తల్లి వానిని రాత్రివేళ చలిలో పోనీయజాలక బాధపడెడిదట. తరువాత నిజమైన సేనలో చేరి తూర్పుదేశములకు వచ్చి, మన నాసికు దాపున దేవలాలి శిబిరములో కొంతకాలముండెను. అతనికి తోడు రచయిత, నిర్మాత డేవిడ్ క్రాఫ్ట్. ఈయనకును యుద్ధానుభవము కలదు. పెర్రీ మొదట ‘పోరాడు పులులు’ అను అర్థము గల పేరు పెట్టెను. బి.బి.సి. హాస్యవిభాగాధికారి దానిని ‘డాడ్స్ ఆర్మీ’గా మార్చెను. మార్చినవాడు రసికుడు. మొదటి పేరులో ఎగతాళి యున్నది, రెండవదానిలో బంధుత్వమున్నది.

అయినను బి.బి.సి. పెద్దలలో ఒకరికి జంకు కలిగెను. దేశము కొఱకు నిద్ర మాని కాచినవారిని చూచి నవ్వుమనుట తగునా? యుద్ధచిత్రములతో, కాందిశీకులతో మొదలు పెట్టిన ప్రారంభదృశ్యమును ఆయన యొప్పుకొనలేదు. దానిని తీసివైచి, పటముపై బాణపుగుర్తులు ఒండొంటిని తరుముకొను చిత్రమును పెట్టిరి. నా మట్టునకు ఆ జంకు మెచ్చదగినదే. నవ్వుటకు ముందు ‘ఎవరిని చూచి నవ్వుచున్నాము’ అని ఒక నిమిషము తటపటాయించువాని చేతనే మంచి హాస్యము పుట్టును.

ఊరి పేరు వాల్మింగ్టన్-ఆన్-సీ; ఇంగ్లండు దక్షిణతీరమున నున్నదట. పటములో వెదకిన దొరకదు, కల్పితము. బయటి దృశ్యములు మాత్రము తూర్పున నార్ఫోక్ జిల్లాలోని థెట్‌ఫర్డు పరిసరములలో తీసిరి. ఆ దండునకు కాప్టెను మ్యానరింగు. ఈ పేరును వ్రాయునది ఒకటి, పలుకునది ఒకటి. వ్రాసినట్లు చదివినచో ‘మెయిన్‌వేరింగు’ అగును. వ్రాసినదే పలుకు మన లిపిని పాఠశాలలో చెప్పుచు జీవితము గడపిన నాకు ఆ దేశపు ఉపాధ్యాయులపై జాలి కలుగును. ఈయన బ్యాంకు మేనేజరు. పొట్టి, బొద్దు, కండ్లజోడు. ఈడెన్ ప్రసంగము విన్నంతనే తనకు తాను నాయకత్వము వహించెను, ఎవరును ఎన్నుకొనలేదు. మొదటి ప్రపంచయుద్ధమున మీరేమి చేసితిరని యడిగినచో, 1919లో ఫ్రాన్సునకు పోయితిననును. యుద్ధము 1918లోనే ముగిసినది గదాయన్నచో, చెత్త యెత్తుటకు ఎవరో యొకరు ఉండవలెను గదా యనును.

ఆయనకు క్రింద సార్జంటు విల్సను. బ్యాంకులోను క్రింది ఉద్యోగియే, దండులోను క్రింది ఉద్యోగియే. కాని పుట్టుకచే ఉన్నతకులీనుడు, గొప్పపాఠశాలలో చదివినవాడు, అందగాడు. మ్యానరింగు కష్టపడి పైకి వచ్చినవాడు. ఒకనికి అధికారము, ఒకనికి పెద్దఱికము. మన యూళ్లలో పంచాయతీ ప్రెసిడెంటునకును పాతమునసబు కుమారునికిని నడుమ నుండు బిగువును చూచినవారికి వీరిద్దఱను వేఱుగ వర్ణింపనక్కఱలేదు. విల్సను ఆజ్ఞలిచ్చుట విన్నచో, సైనికులను వరుసలో నిలువుమనుచున్నాడో, పెండ్లిభోజనమునకు దయచేయుడనుచున్నాడో తెలియదు. సంవత్సరములపాటు ఆ బ్యాంకుగదిలో ఇద్దఱు మగవారు ఒకరినొకరు సహించుచు, ఒకరు లేక యొకరు ఉండలేక గడపుటయే యీ నాటకమునకు వెన్నెముక యని నా యభిప్రాయము. తక్కినదంతయు దానిపై మాంసము.

మాంసమన్నచో లాన్సు కార్పొరలు జోన్సు జ్ఞప్తికి వచ్చును. ఈతడు మాంసపు కొట్టువాడు, డెబ్బది యేండ్లవాడు. సూడానులో కిచెనరు క్రింద పోరినవాడు; ఏ మాట చెప్పినను ఆ సూడాను కథలోనికి పోవును. ఆపద వచ్చినప్పుడు ఎవరును బెదరవలదని అఱచుచు తానొక్కడే బెదరి పరువెత్తును. దీనిని అతిశయోక్తి యనుకొనవలదు. పందొమ్మిదవ శతాబ్దమున ఈజిప్టు, సూడానులలో పోరిన వృద్ధులు నిజముగనే హోం గార్డులో చేరిరి. మాంసమునకు 1940 మార్చి మొదలు రేషను గనుక, కాప్టెను గారి పొట్లము కొంచెము బరువుగా నుండుటయు జోన్సు పదవి నిలుచుటయు ఒకదానికొకటి సంబంధించినవి.

ఫ్రేజరు స్కాట్లండువాడు, శవపేటికలు చేయువాడు. అందఱము చెడితిమని కన్నులు పెద్దవి చేసి పలుకుట అతని వృత్తిధర్మము. వాకరు చీకటిబజారు వర్తకుడు. యౌవనవంతుడే గాని సేనవారు వానిని మరల పంపివైచిరి. ఏలయన, సేనలో దినము పెట్టు డబ్బామాంసము వాని యొంటికి సరిపడదు. పైక్ పదునేడేండ్ల గుమాస్తా. తల్లి వానికి యూనిఫారముపై ఉన్నిరుమాలు చుట్టి పంపును. తరువాత సేనకు పిలుపు వచ్చినను అరుదైన రక్తము గలవాడని విడిచిపుచ్చిరి. ఈ బాలుని తల్లికిని విల్సనునకును గల సంబంధమును నాటకము సూచించి ఊరకుండును. మర్యాద యెఱిగిన రచన. ఇట్లే మ్యానరింగు భార్యను 80 భాగములలో ఒక్కమాఱైనను చూపరు. విమానదాడి వేళ పై పడకలో ఆమె పరుండియున్నప్పుడు, క్రిందికి జాఱిన పరుపును మాత్రము చూపుదురు. అనుపలబ్ధిచేతనే పాత్రను నిలుపుట గొప్పకవులకును ఎల్లప్పుడు చేతగాదు.

నా మేనల్లుడు లండనునుండి పంపిన డిస్కులలో ఈ నాటకమును నేను మొదటిసారి చూచినప్పుడు, భరతముని నవ్వును ఆఱు తెఱంగులుగా విభజించుట తలపునకు వచ్చినది. స్మితము, హసితము ఉత్తములవి. విహసితము, ఉపహసితము మధ్యములవి. అపహసితము, అతిహసితము అధములవి. ఈ నాటకము ఆఱింటిని వాడును. జోన్సు బండి పెట్రోలు లేక వాయువుతో నడచునట్లు ఏర్పఱచి, పైకప్పున సంచి నిండ వాయువు నింపగా, మ్యానరింగు బయొనెట్టుతో దానిని పొడిచినప్పుడు మా యింటి పిల్లలు అతిహసితమున పడిరి. కాని 1973లో వచ్చిన భాగమొకటి కలదు. పట్టుబడిన జర్మనీ జలాంతర్గామి నాయకుని ఆ దండువారు ఒక రాత్రి కావలి కాయవలెను. వాడు తన్ను అవమానించిన ప్రతివాని పేరును చిట్టాలో వ్రాసికొనును. తాము గెలిచిన పిదప పగదీర్చుకొనుటకట. పైక్ హిట్లరుపై ఎగతాళిపాట పాడగా, వాడు నీ పేరేమని యడుగును. మ్యానరింగు మిక్కిలి గంభీరముగా, పేరు చెప్పవలదని బాలుని ఆజ్ఞాపించును. ఆ యాజ్ఞలోనే పైక్ అని వాని పేరు పెట్టి పిలుచును. ఇంగ్లండువారు తమ టెలివిజన్ హాస్యములో మేటి దానిని ఎన్నుకొనుమన్నప్పుడెల్ల ఈ ఘట్టమును తప్పక తలతురు. నవ్వుకు హేతువు తెలివితక్కువ కాదు, వాత్సల్యము. బాలుని కాపాడవలెనను తొందరచే వానిని పట్టియిచ్చెను.

ఉత్తరునితో మ్యానరింగును పోల్చితిని గదా. పోలిక ప్రగల్భములవఱకే. ఉత్తరుడు కౌరవసేనను చూచి రథము దిగి పాఱెను. మ్యానరింగు 80 భాగములలో ఎన్నడును పాఱడు. అపాయమన్నచో ముందు నిలుచును, చేతగాక పడును, మరల నిలుచును. ఈ యొక్క గుణము లేనిచో అతనిని మూడువారములకు మించి ఎవరును చూడరు.

ఇంతవఱకు చెప్పినది ఒక యెత్తు, గాడ్‌ఫ్రే యను పాత్ర యొక యెత్తు. దండులో కడు మెత్తనివాడు. లండనులో పెద్ద దుకాణములో ముప్పదియైదేండ్లు బట్టలమ్మి, ఇద్దఱు అక్కచెల్లెండ్రతో కుటీరములో నివసించు బ్రహ్మచారి. నిలుచున్నచోటనే నిద్రపోవును, కవాతు నడుమ మూత్రవిసర్జనకు సెలవడుగును. 1969లో వచ్చిన భాగమున ఈతడు కాప్టెనునకు రాజీనామా ఇచ్చును. కారణమడుగగా, ఎలుకనైనను చంపలేని తన స్వభావమును చెప్పి, మొదటి ప్రపంచయుద్ధమున తాను అంతరాత్మ యొప్పక ఆయుధము పట్టనివాడనని బయలుపఱచును. దండంతయు వానిని వెలివేసినట్లు చూచును. నిన్నటివఱకు టీ పంచుకొన్నవారు మొగము త్రిప్పుకొందురు. పిదప ఒకనాడు పొగ నిండిన పాకలో దేకుచు పోవు శిక్షణయందు మ్యానరింగు సొమ్మసిల్లి పడగా, ముసలివాడైన గాడ్‌ఫ్రే లోనికి పోయి ఈడ్చుకొని వచ్చును. తాను పొగ పీల్చి మంచము పట్టును. చూడవచ్చినవారికి మంచము పైగోడను ఒక ఛాయాచిత్రము కనబడును: యూనిఫారములో గాడ్‌ఫ్రే, రొమ్మున మిలిటరీ మెడల్. చంపుటకు సమ్మతింపక, వైద్యదళమున చేరి, సోమ్ నదీరణమున గుండ్ల నడుమ గాయపడినవారిని మోసికొని వచ్చినవాడని అక్క చెప్పును. ఆ పతకమును ఏల ధరింపవని కాప్టెను అడుగును. ఆడంబరముగా తోచెనని గాడ్‌ఫ్రే బదులు పలుకును.

ఈ భాగమున నేను నవ్వలేదు. ఎవ్వరును నవ్వరు. నవ్వు కొఱకు కూర్చుండబెట్టి నవ్వనీయకుండుట ఆ రచయితల ధైర్యము. పైగా దీని వెనుక కల్పన కాని సంగతి కలదు. 1916లో ఇంగ్లండులో నిర్బంధముగా సేనలో చేర్చుకొను చట్టము వచ్చినప్పుడు, ఆయుధము పట్టమన్నవారు సుమారు 16,000 మంది. కొందఱు చెఱసాలకు పోయిరి. కొందఱు గాడ్‌ఫ్రేవలె గాయపడినవారిని మోసిరి. అంతకుముందే, 1914 ఆగష్టులో, ఫోక్‌స్టన్ పట్టణమున ఒక నౌకాసేనాధిపతి ముప్పదిమంది స్త్రీలను కూర్చి, యూనిఫారము లేక వీథిలో కనబడు యువకునికెల్ల తెల్లని యీక చేతికిచ్చి పిఱికివాడని సిగ్గుపఱచు పద్ధతిని మొదలిడెను. అది దేశమంతట వ్యాపించెను. సెలవుపై వచ్చిన సైనికులకును, రోగులకును, సేననుండి గాయములతో విడుదలైనవారికిని ఈకలు దక్కినవి. ఈ యన్యాయమునకు ఓర్వజాలక 1916లో ప్రభుత్వమువారు విడుదలైన సైనికులకు వెండిబిళ్ల యిచ్చి కోటుపై పెట్టుకొమ్మనిరి. ఇంట నున్నవాడు ఏల యున్నాడో అడుగకమున్నే తీర్పు చెప్పు నాలుకలు ఏ దేశమున లేవు!

గాడ్‌ఫ్రే వేషము వేసిన ఆర్నల్డు రిడ్లీ 1896లో జన్మించెను. ఉపాధ్యాయశిక్షణలో నుండగా సేనలో చేరి, 1916లో సోమ్ రణమున బయొనెట్టుపోటు తినెను. తలపై తుపాకిమడమ దెబ్బ. ఎడమచేయి జీవితాంతము సరిగా పనిచేయలేదు. విడుదలై వచ్చి వీథిలో నడచుచున్నప్పుడు ఒక స్త్రీ ఆయన చేతికి తెల్లయీక యిచ్చెను. ఆయన మాటాడక పుచ్చుకొనెను. విడుదలబిళ్ల జేబులో నున్నదట; గాయపడితినని చాటుకొనుట ఇష్టము లేదట. పిదప నాటకకర్తయై ‘ఘోస్ట్ ట్రైన్’ అను నాటకముచే 1920లలో పేరు పొందెను. 1939లో మరల సేనలో చేరి, 1940లో ఫ్రాన్సునుండి తిరిగి వచ్చి, ఆపై నిజమైన హోం గార్డులోను ఉండెను. జేబులో బిళ్లను దాచుకొన్న రిడ్లీకిని, పతకమును గదిలో దాచిన గాడ్‌ఫ్రేకిని నడుమ ఎంత దూరమో మీరే యెంచుకొనుడు.

తక్కిన నటులును ఇట్టివారే. ఫ్రేజరు వేషధారి జాన్ లారీ మొదటి యుద్ధమున పోరి, రెండవ యుద్ధమున హోం గార్డులో నుండెను. జోన్సు వేషధారి క్లైవ్ డన్ 1941లో గ్రీసున జర్మనులకు చిక్కి నాలుగేండ్లు చెఱలో నుండెను. నాటకము మొదలైనప్పుడు వయస్సు 48 మాత్రమే, వృద్ధత్వమంతయు రంగుపూత. ఒకరి యాజ్ఞకును లోబడనట్లు కనబడు సార్జంటు వేషధారి జాన్ లె మెజ్యురియే నిజమైన సేనలో కాప్టెనుగా నుండి మన వాయవ్యసరిహద్దున కొలువు చేసెను. ఎగతాళి చేయు హక్కు ఎవరికున్నదని యడిగిన బి.బి.సి. పెద్దకు ఇంతకంటె మేలైన సమాధానము లేదు.

లోపము చెప్పకుండుట న్యాయము కాదు. తొమ్మిదేండ్లు సాగిన దానిలో సాగదీత కలదు. కడపటి వరుసలలో పాత్రలు తమ పాతమాటలను తామే అప్పగించినట్లుండును. 1973లో వాకరు వేషధారి జేమ్స్ బెక్ నలుబదినాలుగేండ్ల వయస్సున మరణించిన పిదప ఆ ఖాళీ నిండలేదు. స్త్రీలకు చోటు స్వల్పము. నిజమునకు 1943 మొదలు స్త్రీలను సహాయకులుగా హోం గార్డులో చేర్చుకొనిరి. మఱియొక లోపము బి.బి.సి. వారిది. ఆ కాలమున టేపులు ఖరీదైనవని పాత భాగములను తుడిచివైచి మరల వాడుకొనుచుండిరి. అట్లు రెండవ వరుసలో కొన్ని పోయినవి. 2001లో రెండు దొరకినవి; మూడు నేటికిని చిత్రముతో లేవు. వాకరును సేన తిరస్కరించిన కథ వానిలో నొకటి. 2019లో ఆ మూడింటిని పాతవ్రాతలనుబట్టి క్రొత్తనటులతో మరల తీసిరి. అపురూపమైన తాళపత్రము చెదపట్టగా వేఱొకచేతివ్రాతతో తిరుగవ్రాసికొన్నట్లున్నది.

కడపటి భాగమున ముసలి జోన్సు తనవలె వయస్సు చెల్లిన వితంతువును వివాహమాడును. విందు నడుమ దండునకు ఆజ్ఞ వచ్చును: ఆ రాత్రి శత్రువు రావచ్చును, సిద్ధముగా నుండుడని. పెండ్లికొడుకు తుపాకి పట్టుకొని సముద్రపు గట్టునకు పోవును. అచ్చట విమానదాడుల వార్డెను, కూరగాయల వర్తకుడు, వీరికి సదా పగవాడు హాడ్జెస్ వచ్చి, నిజమైన సైనికుల ముందు మీరెంతయని వెక్కిరించును. మ్యానరింగు కోపింపడు. తాము ఒకరినొకరు విడువమనియు, దేశమున వేలకొలది యూళ్లలో తమవంటివారు నిలిచియున్నారనియు చెప్పును. పిమ్మట హోం గార్డు పేర గుక్కెడు త్రాగుదమనగా, వారు పింగాణిపూత లోటాలను ఎత్తి, ప్రేక్షకులవైపు తిరిగి త్రాగుదురు. ఆ రాత్రి ఆ వరుసలో నిలిచిన రిడ్లీ వయస్సు 81; లారీ వయస్సు 80.